గాలపు ఈగల పని వస్తే కూలి ఎవరి పేరున వ్రాస్తారు?

నేతవారి ఇళ్ళలో ప్రక్కపని మాట పాతది. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుండి మదరాసు రాష్ట్రానికి మారినది. జిల్లా మారినా, రాష్ట్రం మారినా ఈ మాట మాత్రం మారలేదు. పళ్ళిపట్టు, పొదటూరుపేటల వైపు పవర్‌లూముల మోత పెరిగినకొద్దీ, చేతిపని తెలిసిన మనిషికి ఇంటివద్దనే చేసుకొనే పని మరేదైనా కలదా అన్న ప్రశ్న ఇంకా గట్టిగా వినవస్తున్నది. అటువంటి పని ఒకదానిని గురించి మా అభిప్రాయం ఇక్కడ చెప్పదలచినాము. మన వైపు అది పరిచయమైన పని కాదు. విదేశాలలో వినోదానికి చేపలు పట్టేవారు వాడే కృత్రిమపు ఈగలను, ఈకతోను దారంతోను గాలపు ముల్లుమీద కట్టే పని అది. ఆ పని మన చేతులకు తగినదే. తగినదైనంత మాత్రాన తలుపు తెరచి లోనికి పిలవవచ్చునా అన్నదే మా సందేహం.

ముందు ఆ ఈగ ఏమిటో చెప్పాలి. చల్లని ఏళ్ళలో ట్రౌటు అనే చేప ఉన్నది. మన తమిళనాడులోనే నీలగిరి కొండల ఏళ్ళలో తెల్లవారు దీనిని పెంచినారు. గడచిన శతాబ్దం మొదటి దశకంలో హెచ్.సి. విల్సన్ అనే ఆయన అవలాంచి వద్ద దాని పిల్లలను పొదిగించే కేంద్రం నడిపినాడు. ఈ చేప నీటిమీద వాలే పురుగులను పైకి వచ్చి పట్టి తింటుంది. వాటిలో ముఖ్యమైనది మేఫ్లై. వానకు దీపం చుట్టూ మూగే ఉసిళ్ళనుకొనేరు. ఉసిళ్ళు రెక్కలు వచ్చిన చెదలు, ఇది వేరు. మేఫ్లై పిల్లపురుగుగా నీటి అడుగున నెలల తరబడి బ్రతుకుతుంది. తరువాత పైకి తేలి, మసక రెక్కలతో ఎగిరి గట్టుమీది ఆకులపై వాలుతుంది. అక్కడ మరల ఒకసారి కుబుసం విడుస్తుంది. రెక్కలు వచ్చిన తరువాత కుబుసం విడిచే పురుగు లోకంలో ఇది ఒక్కటే. అప్పుడు రెక్కలు అద్దంవలె మెరుస్తాయి. ఇక దానికి తినడానికి పనికివచ్చే నోరు లేదు. జత కూడడం, గ్రుడ్లు పెట్టడం, నీటిపై రెక్కలు చాచి పడిపోవడం, అంతే. కొన్ని గంటలు, మహా అయితే రెండు మూడు రోజుల బ్రతుకు. మెరిసే రెక్కల ఈ దశకు ఇంగ్లీషువారు స్పిన్నరు అని పేరు పెట్టుకొన్నారు; ఆ మాట వింటే మనకు నూలుమిల్లే జ్ఞాపకం వస్తుంది.

ఈ పురుగు రూపాన్ని ముల్లుమీద కట్టడం నిన్న మొన్నటి విద్య కాదు. క్రీస్తుశకం 200 ప్రాంతంలో ఏలియన్ అనే రోమను రచయిత, మాసిడోనియా ఏటిలో ముల్లుకు ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు గొంతుక్రింది మైనపు రంగు ఈకలు రెండు కట్టి చేపలు పట్టేవారని వ్రాసిపెట్టినాడు. పోగూ ఈకా, ఆ రెండే నాటి సామగ్రి. నేటికీ ముఖ్యమైనవి అవే. నీటిలో మునగక పైన తేలే ఈగలను కట్టే పద్ధతిని 1886లో ఫ్రెడెరిక్ హాల్‌ఫర్డ్ ఇంగ్లండులో గ్రంథంగా వెలువరించినాడు.

మన సోదరులకు ఆసక్తి కలిగించేది కట్టు పద్ధతి. ముల్లును చిన్న బిగింపులో పట్టించి, కండెకు చుట్టిన సన్నని దారాన్ని దానిమీద వరుస తప్పక చుడతారు. కండె క్రిందికి వ్రేలాడుతుంది. ఆ బరువే దారాన్ని బిగువుగా ఉంచుతుంది. బిగువు ఎక్కువైతే దారం తెగుతుంది, తక్కువైతే కట్టినది జారుతుంది. ఈ సంగతి నేతవారికి వేరే చెప్పనక్కరలేదు. ముల్లు నంబరు కూడా మన నూలు నంబరు వంటిదే: 40 కంటె 80 నూలు సన్నమైనట్లు, 12 నంబరు ముల్లు కంటె 18 నంబరు ముల్లు చిన్నది. తోకకు పుంజు ఈకలోని బిరుసైన పోచలు మూడు నాలుగు, ముల్లు కాడంత పొడవున. ఒంటికి మైనం పూసిన దారంమీద సన్నని బొచ్చు పెట్టి వ్రేళ్ళమధ్య పురివేసి చుట్టడమైనా సరే, పట్టుపోగు చుట్టడమైనా సరే. పట్టు తడిస్తే రంగు ముదురుతుంది గనుక ఒక ఛాయ తేలికైన పోగునే ఎన్నుకోవాలి. రంగుల గళ్ళు నేసిన కన్నుకు ఈ మెలకువ ఒకనాటి చదువు. ఆపైన తెరచాపవలె నిటారుగా రెండు రెక్కలు నిలబెట్టి, వాటి మొదట్లో పుంజు మెడ ఈకను అంచుమీద గుండ్రంగా చుడతారు. దాని పోచలు అన్ని ప్రక్కలకు ముళ్ళవలె విచ్చుకొని నీటిపొరమీద మోపుకొని నిలుస్తాయి. ఈగ తేలేది అందువల్లనే. ఆ పోచల పొడవు ముల్లు కొనకూ కాడకూ మధ్యనున్న జాగాకు ఒకటిన్నర రెట్లు ఉండాలని లెక్క. చివర దారాన్ని తన చుట్లక్రిందికే దూర్చి ముడి బిగించి, పైన ఒక్క చుక్క వార్నీషు. గంజి ఎక్కువైతే పడుగు పెళుసైనట్లు, ఆ చుక్క ఎక్కువైతే ముల్లు కన్ను పూడిపోతుంది.

మన పనికీ ఆ పనికీ పోలిక ఎంతవరకు పోతుందో తెలిపే వృత్తాంతం ఒకటి కలదు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రపు క్యాట్‌స్కిల్ కొండలలో రూబ్ క్రాస్ అనే పేరుగాంచిన కట్టుపనివాడు ఉండేవాడు. 1920ల చివర వాల్ట్ డెట్ అనే యువకుడు డబ్బిచ్చి పని నేర్పమన్నాడు, క్రాస్ నేర్పనన్నాడు. అంతట డెట్, ఆయన భార్య కాబోయే విన్నీ, మిత్రుడు హ్యారీ డార్బీ కలిసి క్రాస్ కట్టిన ఈగలను కొని, చుట్టు వెంట చుట్టు విప్పి, ఏది ముందు ఏది వెనుక అని చూసి నేర్చుకొన్నారు. కొత్త మాదిరి గుడ్డ చేతికి వస్తే పోగు లాగి లెక్కించి పడుగూ పేకా తెలుసుకొనే మన పెద్దల పద్ధతే అది. తరువాత ఆ దంపతులు అక్కడనే అంగడి పెట్టి జీవితమంతా ఈ పని చేసినారు. విన్నీ డెట్ పేరు, హ్యారీ భార్య ఎల్సీ డార్బీ పేరు, భర్తల పేర్లతోపాటు నేటికీ ఆ విద్య తెలిసినవారు గౌరవంతో చెప్పుకొంటారు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెనని మా మనవి. దీనితో మళ్ళీ పని ఉన్నది.

ఇక అచ్చుగుద్దినట్లు కట్టడం సంగతి. కాళ్ళ కీళ్ళు, కళ్ళు, రెక్కల నరాలు సహా కట్టేవారు ఉన్నారు. చూస్తే నిజం పురుగే అనిపిస్తుంది. ఒక్కొక్కదానికి గంటలు పడుతుంది. అయితే చేపకు అంత అవసరం లేదు. నీటిలోనుండి పైకి చూసే చేపకు దూరాన వస్తున్న ఈగలో ముందుగా కనబడేవి నీటిపొరమీద ఒళ్ళూ కాళ్ళూ నొక్కిన గుర్తులు. దగ్గరకు వచ్చినాక నిలిచిన రెక్క. 1950లో విన్సెంట్ మారినారో తన గ్రంథంలో దీనిని వివరంగా చర్చించినాడు. కావున అచ్చంగా కట్టిన ఈగ అద్దాల పెట్టెలో పెట్టుకొనే కళావస్తువు. డజన్ల లెక్కన అమ్ముడుపోయేది మామూలు కట్టు ఈగ. రెండూ ఒకే సరుకని ఎవరైనా చెబితే నమ్మవద్దు. వెంకటగిరి జరీచీరకూ లుంగీకీ ఉన్నంత భేదం ఉన్నది.

ఆ డజన్ల ఈగలను నేడు కడుతున్నది ఎవరు? యంత్రం కాదు, నేటికీ ఒక్కొక్కటీ చేతితో కట్టవలసినదే. కెన్యా, శ్రీలంక, థాయిలాండు దేశాలలో, చాలవరకు స్త్రీలు. కెన్యాలో ఇది తెల్లవారి పాలన నాటినుండి వస్తున్న పని. కొనేవాడు అమెరికాలోనో ఐరోపాలోనో ఉంటాడు. ఈగకు పేరు ఉంటుంది, అమ్మే కంపెనీకి పేరు ఉంటుంది. కట్టిన స్త్రీ పేరు డబ్బాపై ఉండదు. క్యాట్‌స్కిల్‌లో విన్నీ డెట్ చేసినదీ, నైరోబీలో పేరు తెలియని ఆ తల్లి చేసినదీ ఒకే పని. మన మదరాసు గళ్ళగుడ్డ మాత్రం వేరా? 1958లో అది న్యూయార్కులోని బ్రూక్స్ బ్రదర్స్ అంగడికి చేరి, రంగు దిగుతున్నదని మొదట తగాదా అయి, చివరకు ఆ రంగు దిగడమే దాని గొప్పగా ప్రచారమైనది. అమ్మిన అంగడి పేరు, పంపిన వర్తకుని పేరు నేటికీ చెబుతారు. నేసినవారి పేరు ఎవరికి తెలుసును?

మా అసలు మాట ఇక్కడ ఉన్నది. ఇతరుల పుస్తకాలను విమర్శించే ముందు మన ఇంటి పుస్తకం విప్పి చూడాలి. మగ్గం కూలి ఎవరి పేరున వస్తున్నది? మగ్గంలో కూర్చున్న మగవాని పేరున. ఆ చీరకు కండెలు చుట్టినది ఎవరు, ఆసు పోసినది ఎవరు, తెగిన పోగులు అతికినది ఎవరు? ఇంటి ఇల్లాలు, కోడలు, బడినుండి వచ్చిన కూతురు. వారి పనికి షావుకారు పుస్తకంలో వేరే పద్దు లేదు. చీర కూలిలోనే కలిసిపోయినది అంటారు. కలిసిపోయినదో, కనబడకుండా పోయినదో పాఠకులే చెప్పాలి. 2019-20 నాటి నాలుగవ చేనేత గణనలో దేశం మొత్తంమీద చేనేత పనివారు 35 లక్షల పైచిలుకు అని తేలినది. వారిలో స్త్రీలే ఎక్కువ. గణనలో లెక్కకు వచ్చినవారు మన కూలి పుస్తకంలో లెక్కకు రాకపోవడం చోద్యం.

గాలపు ఈగల పని వస్తే వచ్చేది సరిగ్గా వారి చేతులలోకే. సన్నని వ్రేళ్ళు, ఓర్పు, ఇల్లు కదలనక్కరలేని పని అని చెప్పి, డజనుకు ఇంత అని ధర కట్టి, ముళ్ళూ ఈకలూ సంచిలో వేసి ఇంటింటికి పంచి, వారాంతాన కట్టినవి తీసుకొనిపోయే మనిషి ఒకడు తప్పక పుడతాడు. ముల్లు వంగినదని, తోక పొడవైనదని కోతలు కోస్తాడు. కొలత తప్పిన గుడ్డకు కోత పడిన ఇళ్ళకు ఈ సంగీతం కొత్త కాదు. పైగా ఆ కూలి సైతం ఇంటి యజమాని చేతికే ఇచ్చి పోతాడు. అట్టి ఏర్పాటులో ఈ పని వస్తే రాకపోవడమే మేలని మా దృఢమైన అభిప్రాయం. ఖాళీ చేతికి ఏ పనైనా మంచిదేనని వాదించే సోదరులు ఉన్నారు. కాని మన ఇళ్ళలో ఖాళీగా ఉన్న ఆడచేతులను వారు ఎక్కడ చూసినారో మాకు తెలియదు.

ఈకల విషయం కూడా హెచ్చరించక తప్పదు. మన అడవికోడి మెడ ఈకల కొనలలో లక్కబొట్టు వంటి మెరుపు ఉంటుంది. సాల్మను చేపల ఈగలకు దానిని సీమలో ఎంతో కోరేవారు. అడవిపక్షుల ఈకల ఎగుమతిని ప్రభుత్వం 1902లోనే నిషేధించినది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చిన తరువాత ఆ పక్షిని పట్టడమే నేరం. శేషాచలం అడవిలో కోడి ఉన్నది గదా, నాలుగు మెడలు తెస్తే పోదా అని ఎవరైనా ఆశపెడితే, జైలుకు పోయేది ఆశపెట్టినవాడు కాదు, తెచ్చినవాడు. రాలిన నెమలి ఈకను దేశంలో అమ్ముకోవచ్చునేమో గాని విదేశానికి పంపడానికి వీలులేదు. మేఫ్లైకి ఇవేవీ అక్కరలేదు కూడా. పెంపుడు పుంజు ఈక చాలును. అయితే తేలే ఈగకు కావలసిన బిరుసు ఈకల కోసం అమెరికాలో ప్రత్యేకంగా జాతిపుంజులను పెంచుతారు, అవి ఖరీదైనవి. 2011లో అక్కడి ఆడపిల్లలు జడలలో ఈకలు పెట్టుకొనే వేడుక పుట్టి, ఆ ఈకలకు కరవు వచ్చి ధరలు ఆకాశానికి అంటినవి. నూలు ధర సంగతి ఎరిగిన మనకు, ముడిసరుకు తాళం పరాయి చేతిలో ఉంటే ఏమవుతుందో చెప్పనవసరం లేదు.

ఇంత చెప్పి పని వద్దని మేము అనడం లేదు. చూడవలసిన పనే. షావుకారు సంచి రాకముందే సంఘం తన డబ్బుతో కొద్ది ముళ్ళు, రెండు మూడు బిగింపులు, కొంత ఈక తెప్పించాలి. ఆసక్తిగల స్త్రీలు పది పదిహేనుమంది కూర్చొని కట్టి చూడాలి. వాల్ట్ డెట్ చేసినట్లు, కొన్న ఈగను విప్పి నేర్చుకొనవచ్చును. ఎవరు ఎన్ని గంటలలో ఎన్ని కట్టినారో ఒక పుస్తకంలో వ్రాయాలి. దానినిబట్టి రోజుకూలి గిట్టే ధర ఏదో మనమే తేల్చాలి. ఆ ధర రాకపోతే పుస్తకం మూసి, తెచ్చిన ముళ్ళను నీలగిరికి పోయే గాలపువారికి అమ్మివేయవచ్చును, నష్టం కొద్దిది. ధర వస్తే, ఆ పుస్తకంలో ప్రతి పద్దు ఎదుట కట్టిన మనిషి పేరే ఉండాలి, డబ్బు ఆమె ఖాతాలోనే పడాలి. ఇంటి యజమాని సంతకం అక్కరలేదు. ఈ చివరి షరతుకు ఎందరు సభ్యులు ఒప్పుకొంటారో వచ్చే సమావేశంలో చేతులెత్తి తెలుపవలెను. ఇళ్ళలోని స్త్రీలను కూడా ఆ సమావేశానికి వెంట తీసుకొనిరాగోరుతున్నాము.