దేవతలకు నిద్ర అక్కర్లేదా?

దేవతలకు మన పెద్దలు అనిమిషులని పేరు పెట్టారు. అంటే రెప్పపాటు లేనివారు. రెప్పే పడనప్పుడు ఇక నిద్ర మాటెక్కడిది? కరోనా కాలంలో మనం నర్సులను దేవతలన్నాం. 2020 మార్చి 22 సాయంత్రం అయిదింటికి దేశమంతా చప్పట్లు కొట్టి, పళ్ళేలు మోగించి జేజేలు పలికింది. ఆ గౌరవాన్ని నేను కాదనను. కాని దేవత అన్నాక ఆమెకూ ఆకలి, నిద్ర, భయం ఉంటాయన్న సంగతి మరిచిపోవడం మనకు సులువైపోయింది. నా అభ్యంతరమల్లా అదే.

ఇంటెన్సివ్ కేర్‌లో నర్సు పని ఎలాంటిదో ఒక్కసారి ఆలోచించండి. వెంటిలేటర్ మీద ఉన్న రోగి దాహమని నోరు తెరిచి అడగలేడు. అతని ఊపిరి, నాడి, రక్తపోటు, మందుల మోతాదు అన్నీ ఆమే కనిపెట్టి ఉండాలి. గొట్టంలో చేరిన కఫం తీయాలి. ప్రాణవాయువు బాగా అందాలని రోగిని బోర్లా తిప్పాలంటే నలుగురైదుగురు చెయ్యి వేయాలి. అలాంటి రోగి ఒక్కొక్కరికి ఒక నర్సు ఉండాలన్నది ప్రమాణం. వార్డులు నిండిపోయిన రోజుల్లో ఆ ప్రమాణం చాలాచోట్ల గాలికి పోయింది. పైగా ఒంటినిండా పి.పి.ఇ. కిట్టు. అది తొడిగితే గంటల తరబడి మంచినీళ్ళు లేవు, బాత్‌రూమ్ లేదు. బంధువులను లోపలికి రానివ్వని ఆ రోజుల్లో ఎందరికో ఆఖరి ఘడియలో చెయ్యి పట్టుకున్నది నర్సే. డ్యూటీ దిగి ఇంటికి పోతే పిల్లలకు అంటిస్తానేమోనన్న బెంగ. ఇక కన్ను మూతపడేదెలా?

ఇవి నా ఊహలు కావు. 2020 మొదట్లో చైనాలో 34 ఆసుపత్రుల్లోని 1,257 మంది ఆరోగ్య సిబ్బందిని పరిశీలించారు. నూటికి 50 మందిలో కుంగుబాటు, 45 మందిలో ఆందోళన, 34 మందిలో నిద్రలేమి లక్షణాలు కనిపించాయి. వారిలోనూ నర్సులు, స్త్రీలు, రోగుల దగ్గర ముందు వరుసలో నిలిచినవారు మరీ ఎక్కువ బాధపడ్డారు.

"మనసు గట్టి చేసుకోవాలమ్మా" అని సలహా చెప్పేవారున్నారు. నిద్ర ఒక్క మనసు పనే కాదు. మా చేనిగట్టు మీది చింతచెట్టు పొద్దుగూకితే ఆకు ముడుచుకుంటుంది. దానికెవరూ చెప్పనక్కర్లేదు. మన మెదడులోనూ వెలుతురును బట్టి సరిచేసుకునే గడియారం ఒకటుంది. అలాంటి గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో ఈగల మీద పరిశోధించి తేల్చిన హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ వారం పగలు, పై వారం రాత్రి అని డ్యూటీలు మారుస్తూ పోతే ఆ గడియారం గతేమిటి?

రాత్రిపూట కరెంటు ఇచ్చిన రోజుల్లో మా నాన్న అర్ధరాత్రి మోటారు వేయడానికి పొలం పోయేవాడు. తెల్లారాక పడుకున్నా నిద్ర పట్టేది కాదు. చిన్న మాటకే కస్సుమనేవాడు. కోపిష్టి మనిషని ఊరంతా అనేది. పగటి కరెంటు వచ్చాక ఆ కోపం ఎటుపోయిందో తెలీదు. లోపం మనిషిలో లేదు, వేళలో ఉంది.

కాబట్టి నర్సులకు కావలసింది శాలువాలు కావు. సరిపడా నియామకాలు కావాలి. వరస నైట్ డ్యూటీలకు ఒక హద్దు, డ్యూటీకీ డ్యూటీకీ మధ్య చాలినంత విశ్రాంతి, కాసేపు నడుం వాల్చడానికి ఒక గది కావాలి. "నాకు నిద్ర పట్టడం లేదు" అంటే ఉద్యోగానికి ముప్పు రాకుండా వినే డాక్టరు కావాలి. ఇంత ఖర్చు ఎవరు భరిస్తారని అడగవచ్చు. నిద్రలేని చెయ్యి మందు మోతాదు తప్పితే, ఆ నష్టం ఎవరు భరిస్తారు?

కరోనా అత్యవసర స్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. ఐ.సి.యు.లో నైట్ డ్యూటీ మాత్రం ముగియలేదు. మనతో చదివి నర్సింగుకు వెళ్ళిన అక్కచెల్లెళ్ళు ఎందరో ఉన్నారు. మిత్రులారా, వారిని దేవతలనడం మానేద్దాం. మనుషులందాం. మనుషులకు నిద్ర కావాలి.