జ్ఞాపకమా, ప్రయాణమా?

పాత బండి బాగుచేయించడం మగవాళ్ళ సరదా అనుకుని మనం పక్కకి తప్పుకుంటాం. అలా తప్పుకోకూడదని నా అభిప్రాయం. ఆ బండిలో పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది మనమే కదా! అందుకే మెకానిక్కుకి అప్పజెప్పకముందే ఇంట్లో ఒక మాట తేలాలి. మనకి కావాల్సింది జ్ఞాపకమా, ప్రయాణమా?

మారేడుమిల్లిలో మా మావయ్యగారి జీపు గురించి మా ఇంట్లో ఇప్పుడు ఇదే చర్చ. 1972 నాటి మహీంద్రా. వానాకాలంలో ఘాట్ రోడ్డు మీద జారి చెట్టుకి గుద్దుకుంది. ముందు భాగం నలిగిపోయి అప్పట్నించీ రేకుల షెడ్డులోనే ఉంది. మావయ్యగారు పోయాక మా ఆయనకీ మరిదికీ దాని మీద ప్రేమ పుట్టుకొచ్చింది. "సంక్రాంతికి అందరం అందులోనే చింతూరు వెళ్దాం" అంటున్నారు. రంగుల కార్డు అప్పుడే ఇంటికొచ్చింది. బ్రేకుల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుపు రోల్స్ రాయిస్ ఉంది. అది మెరుస్తూ నిలబడితే చాలు. మనం చూడ్డానికే వెళ్తాం, ఎక్కడానికి కాదు. చట్టం కూడా ఈ తేడా చూపించింది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని సొంత బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్తగా చేయించడానికి 20,000 రూపాయలు, పదేళ్ళ గడువు, 'వీఏ' అక్షరాలతో నంబరు. అలాంటి బండిని ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలుకీ, రిపేర్లకీ తీయొచ్చు. రోజూ సంతకీ బడికీ తిప్పుకోడానికి మాత్రం కుదరదు.

ప్రయాణమే కావాలంటే ఖర్చు లోపల మొదలవ్వాలి. ముందు ఛాసిస్ వంకర తీయించి, తుప్పు తినేసిన చోట కొత్త ఇనుము వేయించాలి. తర్వాత బ్రేకులు. ఏళ్ళ తరబడి మార్చని బ్రేకు ఆయిలు గాల్లో తేమ పీల్చుకుంటుంది. ఘాట్ దిగేటప్పుడు అదేపనిగా బ్రేకు తొక్కితే ఆ వేడికి మరిగి ఆవిరవుతుంది. అప్పుడు పెడలు మెత్తగా కిందికి దిగుతుందే కానీ బండి ఆగదు. ఆయిలుతోపాటు రబ్బరు గొట్టాలూ మార్చాలి. ఎలకలు కొరికిన వైర్లు నిప్పుకి దారి. పైకి గీతలు బాగానే కనిపించినా, పాత టైరు గట్టిపడి పట్టు తప్పుతుంది. ఇవన్నీ అయ్యాకే రంగు.

పని ఎలా జరిగిందో చూడాలంటే మీ ఫ్రిజ్ మీదున్న అయస్కాంతం పట్టుకెళ్ళండి. దాన్ని బండి రేకుకి ఆనించండి. అంటుకోకపోతే అక్కడ పుట్టీ మందంగా పూశారన్నమాట. కింద ఏం దాచారో అడగండి.

మా దగ్గరున్నది చీటీ పాట డబ్బు. అమ్మాయి కాలేజీ ఫీజు కూడా అందులోంచే కట్టాలి. అందుకే ఈ ఏటికి నా ఓటు జ్ఞాపకానికి. తుప్పు ఆపించి, నలిగిన రేకు సరిచేయించి, జీపుని వాకిట్లో పెట్టుకుందాం అన్నాను. "ఆయన కూర్చున్న సీటు మాత్రం మార్చకండర్రా" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ అడిగినదానికి పైసా ఖర్చు లేదు. చింతూరు ప్రయాణం సంగతి బ్రేకులకి డబ్బు కూడినప్పుడు చూద్దాం. అప్పటిదాకా బస్సు ఉంది.