పండుగ పూట దాచిన జ్వరం

పెద్దప్రేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకొని సంక్రాంతి ముందు ఇల్లు చేరిన వారు మీ ఇంట ఉన్నారా? అయితే ఈ నాలుగు మాటలు మీ కోసమే.

ఇటువంటి రోగుల విషయంలో నన్ను ఎక్కువగా భయపెట్టినది గాయం కాదు, మొహమాటం. ఒళ్ళు వెచ్చబడినా ‘పండుగ పూట అందరినీ కంగారుపెట్టడమెందుకు, కనుమ వెళ్ళాక చెబుదాం’ అని దాచుకుంటారు. ప్రేగును కలిపి కుట్టిన చోట లీకు ఏర్పడితే అది సాధారణంగా తొలి రెండు వారాలలోనే బయటపడుతుంది. ఆలస్యం ప్రాణాంతకం కావచ్చు. 100.4 డిగ్రీల జ్వరం, పెరుగుతున్న కడుపునొప్పి, ఆగని వాంతులు, ఒక కాలు వాయడం, ఆయాసం: వీటిలో ఏది కనిపించినా భోగినాడైనా, అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్ళవలసిందే.

ఇంటి ఇల్లాలే రోగి అయితే మరింత జాగ్రత్త అవసరం. అరిసెల పాకం ఆమె చేతి మీదుగానే సాగాలని పట్టుబట్టకండి. కోసిన పొట్ట గోడ గట్టిపడేందుకు సుమారు ఆరు వారాలు బరువులెత్తరాదు. ఇంట్లో కొద్దికొద్దిగా నడవడం మాత్రం మానరాదు. రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు రాసి ఉంటే పండుగ సందడిలో ఒక్కటీ తప్పకూడదు. జలుబు, దగ్గు ఉన్న బంధువులు ఫోనులోనే పరామర్శించడం మర్యాద.

వంటలు తగ్గినా పండుగ పండుగే. రోజూ ఆమె పక్కన కూర్చొని అడగండి: “అమ్మా, నిజం చెప్పు, ఒంట్లో ఎలా ఉంది?”