ఏ ప్రెస్సు లక్ష్మి?

రవివర్మ అచ్చుబొమ్మలు సేకరించేవాళ్ళు లెక్క రాసుకునే వెబ్‌సైటొకటి నేనూ వాడుతున్నాను. మా అమ్మమ్మ పూజగదిలోని లక్ష్మిని ఎక్కించబోతే అది అడిగినవి నాలుగే: పేరు, చిత్రకారుడు, స్థితి, ధర. డేటాబేసులతో బతికేవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, తప్పు పునాదిలోనే ఉంది.

రవివర్మ ప్రెస్ 1894లో బొంబాయిలో మొదలైంది. తర్వాత లోనావలా దగ్గరి మళవ్లికి మారింది, ఫ్రిట్జ్ ష్లైకర్ అనే జర్మన్ చేతికి వెళ్ళింది. 1906లో రవివర్మ పోయాక కూడా అవే బొమ్మలు అచ్చవుతూ వచ్చాయి. రంగుకో రాయి చొప్పున అద్దిన లితోగ్రాఫుకీ, నిన్నటి డిజిటల్ ప్రింటుకీ ఒకటే పేజీ ఇస్తే మోసానికి మనమే తలుపు తీసినట్టు.

అడుగున అచ్చయిన ప్రెస్ పేరు, ఊరు, కొలతలు, అంచులు కత్తిరించారా, ఎవరింటినుంచి వచ్చింది: వీటికి విడివిడి గడులు కావాలి. 'తెలియదు' అని రాసే వీలూ ఉండాలి. ధర చివర్లో అడగొచ్చు.

ఇవన్నీ ఎవరు నింపుతారండీ అంటారా? మా అమ్మమ్మ ఆ లక్ష్మికి జరీముక్కలతో చీర కట్టింది, తళుకులు అంటించింది. స్థితి గడిలో దానికి దొరికిన మాట 'పాడైనది'. ఆ మాట నొక్కడానికి నాకు చెయ్యి రాలేదు.