పెస్టో నిలవ పచ్చడి కాదండీ

మన ఐటీ జనాల వాట్సాప్ గుంపుల్లో ఎండాకాలం వచ్చిందంటే చాలు, ఒక ప్రశ్న తప్పకుండా కనబడుతుంది. "కుండీలో బేసిల్ తెగ పెరిగిపోయింది, ఒకేసారి పెద్ద సీసాడు పెస్టో చేసి పెట్టుకుంటే ఎన్నాళ్ళుంటుంది?" జవాబు కూడా రెడీగా ఉంటుంది. "పైన నూనె తేలేట్టు పోస్తే నెలలుంటుంది, మన ఆవకాయలాగే."

ఈ జవాబు తప్పు. రుచి సంగతి అటుంచి, ఆరోగ్యానికి కూడా ప్రమాదం.

నా వాదన ఒక్క ముక్కలో చెప్పేస్తాను. పెస్టో రోటి పచ్చడి, నిలవ పచ్చడి కాదు. దోసకాయ రోటి పచ్చడి నూరి మూడు వారాలు గట్టు మీద పెడతామా? పెట్టం కదా! మరి పేరు ఇటలీది అయ్యేసరికి ఈ తెలివి ఏమైపోతుందో!

అసలా పేరుకి అర్థమే "దంచినది". పుట్టిల్లు జెనోవా. అక్కడ 2007 నుంచి పెస్టో ప్రపంచ పోటీలు పెడుతున్నారు. వందమంది పోటీదారులు, చలువరాతి రోలు, చెక్క బండ. మిక్సీలకి ప్రవేశం లేదు :)

చెయ్యడం కూడా మన పద్ధతే. ముందు ఒక వెల్లుల్లి రెబ్బ, కాస్త రాళ్ళుప్పు కలిపి నూరాలి. తర్వాత చెంచాడు పైన్ నట్స్. ఆ తర్వాత 50 గ్రాముల బేసిల్ ఆకు, కడిగి తడి లేకుండా ఆరబెట్టింది, కొంచెం కొంచెంగా. గుప్పెడు పర్మేజాన్ తురుము, చివర్లో ఆలివ్ నూనె. పొయ్యి వెలిగించే పనే లేదు. రోలు లేనివాళ్ళు మిక్సీ జార్‌ని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, ఆపి ఆపి తిప్పండి. నలిగిన ఆకుకి గాలి తగిలితే నల్లబడుతుంది, వేడి తోడైతే ఇంకా త్వరగా. నూరిన గంటలోపు తింటే వచ్చే ఆ వాసన కోసమే ఈ శ్రమంతా.

ఇక నిలవ సంగతి. ఆవకాయని కాపాడేది నూనె ఒక్కటే కాదు, ప్రధానంగా ఉప్పూ పులుపూ. పెస్టోలో ఉప్పు తక్కువ, పులుపు అసలే లేదు. పచ్చి వెల్లుల్లి, ఆకులు మట్టిలోంచి బొట్యులిజం తెచ్చే బాక్టీరియా బీజాల్ని మోసుకు రావచ్చు. వాటికి గాలి లేని చోటే ఇష్టం. మనం పైన పోసిన నూనె సరిగ్గా ఆ చోటునే తయారుచేసి పెడుతుంది! ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పేది కాదు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో నూనెలో వేసిన వెల్లుల్లి వల్ల 36 మంది ఈ జబ్బు పడ్డారు. 2024లో ఫ్రాన్స్‌లో అడవి వెల్లుల్లి ఆకు పెస్టో తిని ఐదుగురు ఆసుపత్రి పాలయ్యారు. పైగా ఈ విషం ఉన్నా రుచిలో, వాసనలో తేడా తెలియకపోవచ్చు.

కాబట్టి ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు, అంతే. ఎక్కువుంటే ఐస్ ట్రేలో గడ్డకట్టించండి, చీజ్ మాత్రం వాడేటప్పుడు కలుపుకోండి. మరి కొట్లో సీసాలు నెలలు ఎలా ఉంటాయంటారా? వాటికి పులుపు కలపడమో, వేడి చెయ్యడమో చేస్తారు. ఆ ఏర్పాటు మన వంటింట్లో లేదు.

ఇంత చెప్పాను కదా అని నేను "అసలు సిసలు" పార్టీ అనుకోకండి. 1863లో జెనోవాలో అచ్చయిన రాత్తో వంటల పుస్తకంలోనే, బేసిల్ దొరక్కపోతే మార్జోరం, పార్‌స్లీ వాడుకోమని ఉంది. చీజ్‌లో హాలండ్‌ది కూడా ఉంది. కాబట్టి పైన్ నట్స్ ధర చూసి జీడిపప్పు వేసుకుంటే ఎవరూ ఏమనరు. తులసి వేయొచ్చా అంటే, అది బేసిల్‌కి చుట్టమే గానీ లవంగం ఘాటు, వేరే పచ్చడి అవుతుంది. అన్నట్టు, మనం ఫలూదాలో వేసుకునే సబ్జా గింజలు మాత్రం బేసిల్ జాతివే.

పదార్థాలు మార్చుకోండి, ఫరవాలేదు. మార్చకూడనిది ఒక్కటే: కొంచెం చేసుకుని వెంటనే తినెయ్యడం. కుండీలో ఆకు మరీ ఎక్కువైపోతే సీసాలు వెతక్కండి, పక్కింటివాళ్ళకి నాలుగు రెమ్మలు కోసివ్వండి.