పావుగంట వాన... బండరాళ్ల వరద!

వానాకాలంలో కొండవాగు పొంగడం మామూలే. ఆ నీళ్లతోపాటు మట్టి, చెట్లు, కారంతేసి బండరాళ్లూ కలగలిసి తడి కాంక్రీటులా ముంచుకొస్తే? దాన్నే ‘డెబ్రిస్ ఫ్లో’ అంటారు. 2018 జనవరి 9 తెల్లవారుజామున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, మాంటెసీటో అనే ఊరిమీద విరుచుకుపడింది అదే. 23 మంది ప్రాణాలు పోయాయి.

అంతకు కొద్ది వారాల ముందే ‘థామస్ ఫైర్’ అనే కార్చిచ్చు ఆ ఊరి వెనకున్న కొండల్ని కాల్చేసింది. గడ్డీ పొదలూ లేని నేలను వాన నేరుగా తాకుతుంది. పైగా కాలిన నేల నీటిని సరిగా పీల్చుకోదు. దాంతో నీరంతా బూడిదనూ మట్టినీ ఊడ్చుకుంటూ వాగుల్లోకి దూకుతుంది.

అలాంటిచోట రోజంతా ఎంత వాన పడిందన్నది కాదు, ఎంత జోరుగా పడిందన్నదే ముఖ్యం. మాంటెసీటోలో ఆరోజు అయిదు నిమిషాల్లోనే అర అంగుళానికి పైగా కురిసింది. అందుకే అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు పావుగంట వాన జోరునే కొలమానంగా తీసుకుంటారు. కొండ వాలు, మంటల తీవ్రత, మట్టి స్వభావం... అన్నీ లెక్కగట్టి, ఎంత జోరు వానకు ఏ వాగుతో ఎంత ముప్పో మ్యాపుల్లో చూపిస్తారు.

మాంటెసీటోలోనూ హెచ్చరికలు ముందే వచ్చాయి. అయినా చాలామంది ఇళ్లు వదల్లేదు. రాళ్ల హోరు వినిపించాక తప్పించుకోవడానికి వ్యవధి ఉండదు. కాలిన కొండల కింద ఉండేవాళ్లు బయల్దేరాల్సింది వాన మొదలయ్యాక కాదు... హెచ్చరిక అందగానే!