ముగ్గు ఎప్పుడు మందవుతుంది?

ఆస్పత్రిలో ‘ఓటీ’ అంటే మనకు తెలిసింది ఆపరేషన్ థియేటరే. అవే పొడి అక్షరాలతో ఆక్యుపేషనల్ థెరపీ అనే ఇంకో విభాగం ఉందని చాలామందికి తెలియదు. పక్షవాతం వచ్చిన మనిషి మళ్లీ తన చేత్తో అన్నం కలుపుకోవడం దగ్గర్నుంచి, మానసిక వ్యాధితో ఏళ్ల తరబడి ఇంట్లో ఓ మూల కూర్చుండిపోయిన మనిషి మళ్లీ నలుగురిలోకి రావడం దాకా దాని పనే. కొందరు దాన్ని ‘వృత్తి చికిత్స’ అని తెలుగు చేశారు. ఆ మాటే సగం చేటు చేసింది, అదేదో ఉద్యోగాలు ఇప్పించే చోటు అనిపిస్తుంది. ఇక్కడ ఆక్యుపేషన్ అంటే రోజులో మనిషి చేతినీ మనసునీ పట్టి ఉంచే ప్రతి పనీ: స్నానం, వంట, చీర కుచ్చిళ్లు, పేకాట, పూలమాల, ముగ్గు. వీటిలో ఇష్టంగా చేసుకునే పనుల్నీ, వాటిమీద నిలిపే ధ్యాసనీ చికిత్సలో వాడాలన్న మాట ఈమధ్య గట్టిగా వినిపిస్తోంది. వాడాల్సిందే. అయితే ముగ్గు వేస్తే చాలు జబ్బు తగ్గుతుందన్న నమ్మకంతో వాడితే ఆ మాట ఎక్కువ కాలం నిలవదు. ఏ మనిషికి, ఏ లోపానికి, ఏ మోతాదులో అన్న లెక్కతో ఎంచి ఇచ్చినప్పుడే అది చికిత్స. ఆ లెక్క లేకపోతే పొద్దుపుచ్చడమే.

ఈ విద్య పుట్టిందే చేతిపనుల్లోంచి. 1917 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో కొద్దిమంది కూడి తొలి సంఘం పెట్టారు. వాళ్లను పిలిచి కూర్చోబెట్టిన జార్జ్ బార్టన్ వైద్యుడు కాడు, ఆర్కిటెక్ట్. క్షయ పట్టి, పాదంలో కొంత తీసేయించుకుని, ఎడమవైపు చచ్చుబడిన మనిషి. తోటపనీ వడ్రంగమూ చేసుకుంటూ తన ఒంటిని తానే దారికి తెచ్చుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల మంచాల పక్కకే బుట్టల అల్లిక, చెక్కపని వచ్చాయి. తర్వాతి దశాబ్దాల్లో వైద్యం కొలతల వైపు మళ్లింది. కీలు ఎన్ని డిగ్రీలు వంగింది, కండరం ఎంత బరువు లేపింది అన్నవే లెక్కకొచ్చాయి. బుట్టలు అల్లించేవాళ్లన్న ఎగతాళికి జంకి ఆ వృత్తివాళ్లే చేతిపనుల్ని అటకెక్కించారు. చేతుల్ని మనసుతో, పట్టుదలతో వాడుకునే మనిషి తన ఆరోగ్యాన్ని తానే మార్చుకోగలడన్న మూల ఊహను మేరీ రైలీ అనే థెరపిస్టు 1961లో ఒక ప్రసంగంలో మళ్లీ గుర్తుచేయాల్సి వచ్చింది. మన దేశానికి ఈ చదువు 1950లోనే వచ్చింది. అమెరికాలో పుట్టి ఇక్కడి కోడలైన కమలా నింబ్కర్ బొంబాయి కేఈఎం ఆస్పత్రిలో స్కూలు తెరిచారు. 1952లో ఈ వృత్తివాళ్ల ప్రపంచ సమాఖ్య ఏర్పడినప్పుడు దాన్ని నిలబెట్టిన పది దేశాల్లో మనదొకటి. అంత ముందు మొదలుపెట్టి ఇంత వెనకబడటం మనకే చెల్లింది.

ముగ్గునే తీసుకుందాం. దారిన పోయేవాళ్లకు అది గుమ్మం ముందు అలంకారం. థెరపిస్టు కంటికి అదొక చిన్న చిన్న పనుల మూట. బొటనవేలు, చూపుడువేలు, నడివేలు కలిసి పిండిని చిటికెడు పట్టాలి. పట్టు బిగిస్తే పిండి రాలదు, వదులైతే కుప్పపడుతుంది. మణికట్టు తిరుగుతుండాలి, భుజం ఆసరా లేకుండా నిలవాలి, గొంతుక్కూర్చున్న ఒళ్లు ముందుకు వంగినా తూలకూడదు. చుక్కల లెక్క తప్పకూడదు, ఏ గీత తర్వాత ఏ గీతో గుర్తుండాలి. మెదడు కుడి సగంలో దెబ్బ తగిలిన కొందరికి ఎడమవైపు లోకం ఉన్నట్టే స్ఫురించదు. కంట్లో లోపమేమీ ఉండదు, ధ్యాసే అటు పోదు. కంచంలో ఎడమ సగం అన్నం అలాగే వదిలేస్తారు. అలాంటి మనిషి వేసిన ముగ్గులో ఎడమ పక్క ఖాళీగా మిగులుతుంది. ఆ లోపాన్ని పట్టుకోవడానికీ, అటు చూసే అలవాటు మళ్లీ నేర్పడానికీ అదే ముగ్గు పనికొస్తుంది, ఎందుకంటే రెండు వైపులూ సరితూగకపోతే అది ముగ్గే కాదని ఆ మనిషికి చిన్నప్పటినుంచీ తెలుసు. కింద కూర్చోలేకపోతే బల్లమీద పళ్లెంలో ఇసుక పోసి వేయించవచ్చు. మొదట వేలితో గీతలు, ఆ తర్వాత చిటికెతో పిండి. మొదట థెరపిస్టు పెట్టిన చుక్కలు, ఆ తర్వాత సొంత చుక్కలు. ఇవాళ కూర్చుని, వచ్చే వారం నిలబడి. ఇలా మెట్లు కట్టడమే ఈ విద్యలో అసలు నేర్పు. మెట్లు రబ్బరు బంతితోనూ కట్టవచ్చు. కానీ బంతిని కాసేపు నొక్కి విసుగెత్తిన చెయ్యే ముగ్గు పూర్తయ్యేదాకా చిటికె పడుతూనే ఉంటుంది. దెబ్బతిన్న మెదడు మళ్లీ నేర్చుకునేది పదే పదే చేయడం వల్లే కాబట్టి ఈ తేడా చిన్నది కాదు.

లెక్క లేకుండా ఇస్తే ఏమవుతుందో చెప్పే గట్టి రుజువు లాస్ ఏంజెలిస్ నుంచి వచ్చింది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు అరవై దాటి సొంతంగా బతుకుతున్న 361 మందిని మూడు జట్లుగా విడదీసి తొమ్మిది నెలలు చూశారు. ఒక జట్టుకు ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఒక్కొక్కరి దినచర్యను పరిశీలించి, వాళ్లకు అర్థవంతమైన పనుల్ని రోజులో ఎలా అమర్చుకోవాలో నేర్పారు. రెండో జట్టుకు చేతిపనులు, ఆటలు, సినిమాలు, షికార్లు అన్నీ ఏర్పాటు చేశారు, అయితే నడిపింది థెరపిస్టులు కారు. మూడో జట్టును మామూలుగా వదిలేశారు. 1997లో ‘జామా’ వైద్య పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం మొదటి జట్టువాళ్లు ఒంటి పనితీరులోనూ, మానసిక ఆరోగ్యంలోనూ, జీవితంపై తృప్తిలోనూ మెరుగ్గా తేలారు. ఆటలూ చేతిపనులూ అందిన రెండో జట్టుకు, ఏమీ అందని మూడో జట్టుకు తేడా కనిపించలేదు. వృద్ధాశ్రమాల్లో వారానికోసారి రంగుల డబ్బాలు తెచ్చి ఫొటోలు తీసుకువెళ్లే మనవాళ్లు ఈ ఫలితాన్ని ఒకసారి చదవాలి.

దీనికి ఎదురుగా నిలిచినట్టు కనిపించే ఇంకో అధ్యయనం ఉంది. పక్షవాతం వచ్చి మూడు నెలలు దాటని 141 మందిలో సగం మంది చేత వీడియో గేమ్ యంత్రంతో చేతి వ్యాయామాలు చేయించారు. మిగతావాళ్ల చేత పేక, బంతి, కొయ్యముక్కల పేర్పు లాంటి మామూలు ఆటలు ఆడించారు. 2016లో ‘లాన్సెట్ న్యూరాలజీ’లో వచ్చిన ఫలితం: రెండు జట్లూ మెరుగయ్యాయి, యంత్రం పైచేయి కాలేదు. మరి లాస్ ఏంజెలిస్‌లో పనిచేయని ఆటలు ఇక్కడెలా పనిచేశాయి? ఇక్కడ ఆట వెనక మోతాదు ఉంది. రెండు వారాల్లో పది విడతలు, విడతకు గంట, పడిపోయిన చేత్తోనే, దగ్గరుండి చేయించారు. ఏ చికిత్సా లేని జట్టు ఈ పరిశోధనలో లేదు కాబట్టి ఆ మెరుగులో దానంతటది వచ్చిందెంతో విడదీసి చెప్పలేం. అయినా ఖరీదైన పరికరం కొంటేనే పునరావాస కేంద్రం అనిపించుకుంటుందన్న మన ప్రైవేటు ఆస్పత్రుల ధోరణికి ఇది మంచి జవాబు.

ఇక ధ్యాస సంగతి. మైండ్‌ఫుల్‌నెస్ అని ఇవాళ యాప్‌లలో అమ్ముతున్నది మూలంలో బౌద్ధుల ‘సతి’, చేస్తున్నదాన్ని ఎరుకతో చేయడం. నాగార్జునకొండను నెత్తిన పెట్టుకున్న మనకు ఇది పరాయి సరుకేమీ కాదు. 1979లో జాన్ కబట్-జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో మందులకు లొంగని నొప్పులతో వచ్చేవాళ్ల కోసం దీన్ని ఎనిమిది వారాల శిక్షణగా మలిచాడు. ధ్యాన పద్ధతుల మీద జరిగిన 47 ప్రయోగాలను, అంటే 3,515 మంది ఫలితాలను, 2014లో కలిపి చూస్తే ఆందోళన, కుంగుబాటు, నొప్పి కొంతమేర తగ్గుతున్నట్టు తేలింది. మందులకంటే, వ్యాయామం కంటే మెరుగన్న ఆధారం మాత్రం దొరకలేదు. బ్రిటన్ బడుల్లో 8 వేలమందికి పైగా పిల్లలపై జరిపిన పెద్ద ప్రయోగం 2022లో పెదవి విరిచింది. అందరికీ ఒకే పాఠంగా చెప్పిన మైండ్‌ఫుల్‌నెస్ పిల్లల మానసిక ఆరోగ్యాన్ని మెరుగుపరచలేదు. కళ్లు మూసుకుని మౌనంగా కూర్చుంటే కొందరిలో ఆందోళన పెరిగిన దాఖలాలూ ఉన్నాయి. అందుకే థెరపీ గదిలో ధ్యాసను విడిగా ఒక క్లాసుగా పెట్టడం కంటే, చేస్తున్న పనిలోనే కలపడం నాకు సబబనిపిస్తుంది. క్రోషే సూదితో అల్లేటప్పుడు మనసు ఎటో పోతే కుట్టు తప్పుతుంది, తప్పిన సంగతి అల్లికే చెబుతుంది. వెనక్కి వచ్చి విప్పి మళ్లీ అల్లాలి. ధ్యానం నేర్పేదీ అదే, జారిన ధ్యాసను కోపగించుకోకుండా వెనక్కి తేవడం. పద్మాసనంలో ధ్యాస జారితే చెప్పేవాళ్లుండరు, దారం ఊరుకోదు.

ఇదంతా మాటలకు బాగుంటుంది గానీ రుజువు పలచన అని వైద్యులు అంటారు. నిజమే. 3,545 మంది అల్లికదారులను అడిగి 2013లో వెలువరించిన ఒక సర్వేలో, తరచూ అల్లేవాళ్లు ఎక్కువ ప్రశాంతంగా, సంతోషంగా ఉన్నామన్నారు. అల్లికంటే ఇష్టమున్నవాళ్లను అల్లిక గురించి అడిగితే ఇంకేం చెబుతారు? ఇలాంటివాటిని పట్టుకుని ఊరేగడం ఈ రంగానికే చేటు. మాత్రల ప్రయోగంలో ఉత్తుత్తి మాత్ర ఇచ్చినట్టు ఉత్తుత్తి ముగ్గు వేయించలేం కాబట్టి ఇక్కడ రుజువు ఎప్పుడూ కొంత కుంటుతూనే ఉంటుంది. ఆ లోటును పూడ్చేది ప్రతి రోగి దగ్గరా పెట్టుకునే కొలత. నెల క్రితం ఎన్ని నిమిషాలు కూర్చోగలిగింది, చొక్కా గుండీ ఎంతసేపట్లో పెట్టుకుంటున్నాడు, రాత్రి నిద్ర ఎలా ఉంది అని రాసుకోవాలి. నెల గడిచినా అంకె కదలకపోతే ముగ్గు మానేసి వేరే దారి చూడాలి. మందును మార్చడానికి వెనకాడని వైద్యం హాబీని మార్చడానికీ వెనకాడకూడదు.

అంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది. పని మంచిదే అన్న మాటను అడ్డం పెట్టుకుని మనుషుల్ని పిండుకున్న చరిత్ర చిన్నది కాదు. మానసిక ఆస్పత్రుల్లో రోగుల చేత బట్టలుతికించి, తోటలు తవ్వించి, దాన్నే చికిత్స అన్న రోజులున్నాయి. మన నరసాపురం లేసు కథ ఇంకా చురుక్కుమనిపిస్తుంది. మరియా మీస్ అనే రచయిత్రి 1982లో ఆ లేసు అల్లే స్త్రీల మీద పుస్తకం రాసింది. విదేశాలకు వెళ్లే సరుకును గంటల తరబడి అల్లుతున్నా, ఇంటిపట్టున ఖాళీ వేళల్లో చేసుకునే కాలక్షేపం కింద జమకట్టి వాళ్లకు చిల్లర చేతిలో పెట్టారని అందులో చూపించింది. అదే సూది, అదే దారం, అదే కుట్టు. ఒకచోట ఊరట, ఇంకోచోట కళ్లూ నడుమూ తినేసే చాకిరీ. మేలు అల్లికలో లేదు. ఎవరు ఎంచుకున్నారు, ఎప్పుడు ఆపవచ్చు, లాభం ఎవరికి అన్నదాంట్లో ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 20వ సెక్షన్ ఈ గీతనే గీసింది: రోగిని బలవంతంగా పని చేయించకూడదు, పని చేస్తే తగిన ప్రతిఫలం ఇవ్వాలి, విశ్రాంతికీ వినోదానికీ సౌకర్యాలు కల్పించాలి. థెరపీ పేరుతో ఆడవాళ్లందరికీ సూదీ దారం, మగవాళ్లందరికీ చెక్కపని పంచిపెట్టే అలవాటు కూడా ఈ గీతకు అవతలిదే.

హాబీలు కలిగినవాళ్లకు, కూలీ చేసుకునేవాళ్లకేం హాబీలుంటాయి అనేవాళ్లూ ఉన్నారు. ఇది హాబీ అన్న ఇంగ్లిషు మాట తెచ్చిన చిక్కు. నులక మంచం అల్లడం, వల బాగుచేయడం, డప్పు, కోలాటం, బతుకమ్మ పేర్చడం, నారు పోయడం, పాడైన రేడియో విప్పడం ఇవన్నీ ఏమిటి? అడిగే ఫారంలో ‘పెయింటింగ్, మ్యూజిక్, గార్డెనింగ్’ అని గళ్లుంటే జవాబు ‘ఏమీ లేవు’ అనే వస్తుంది. ఇక థెరపిస్టులే చాలినంతమంది లేని చోట ఈ సోకులెందుకన్న ప్రశ్న. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేలిన దేశం ఇది. కాబట్టే రోగి ఇంటికి వెళ్లాక, థెరపిస్టు పక్కన లేని మిగతా రోజుల్లో కొనసాగేదేదో దాన్నే ఎంచాలి. ఇంట్లో ఎవరూ బంతి నొక్కరు. ముగ్గు మాత్రం పొద్దున్నే ఎలాగూ పెడతారు.

2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆక్యుపేషనల్ థెరపీని ప్రత్యేక వృత్తిగా గుర్తించింది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు జిల్లా ఆస్పత్రుల్లో ఆ పోస్టుల్ని ఫిజియోథెరపీకి తోకగా చూడటం మాని విడిగా నింపాలి. అంతదాకా పాఠకులు చేయగలిగింది ఒకటుంది. మీ ఇంట్లోవాళ్లను పక్షవాతంతోనో, కుంగుబాటుతోనో చేర్చిన ఆస్పత్రి నుంచి తీసుకువచ్చేటప్పుడు, జబ్బు పడకముందు ఈ మనిషి చేతులు ఇష్టంగా ఏం చేసేవో డాక్టరుకు మీరే చెప్పండి. అందులో ఏది, రోజుకు ఎంతసేపు, ఎలా చేయించాలో డిశ్చార్జి కాగితంలో మందుల కింద రాయించుకోండి.